చార్జీనా, అభియోగమా, బాధ్యతనా? ‘చార్జ్’ అన్న మాటకు ఎక్కడ ఏ తెలుగు మాట పెట్టాలె

పేపర్ల జిల్లా పేజీ తీస్తే బస్ చార్జీలు, కరెంట్ చార్జీలు, చార్జ్‌షీట్, లాఠీచార్జ్, ఇన్‌చార్జి మంత్రి, దవాఖాన నుంచి డిశ్చార్జ్, కింద మూలకు ఫోన్ రీచార్జ్ ఆఫర్. అన్నిట్ల ఉన్నది ఒక్కటే ఇంగ్లిష్ మాట. మాట్లాడేటప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు, ముందల వెనుక మాటలను బట్టి సమజైపోతది. రాసేటప్పుడే చిక్కు. గ్రూప్-1 మెయిన్స్ తెలుగుల రాసే పిల్లలు, ఇంగ్లిష్ ఆర్డర్ కాపీ ముంగట పెట్టుకొని వార్త కొట్టే మండల విలేకరులు, తహసీల్ ఆఫీసు బయట దరఖాస్తులు రాసిచ్చేటోళ్లు, బడిల ఇంగ్లిష్ చెప్పే సార్లు, మేడమ్‌లు అందరూ ఇక్కడనే ఆగుతరు. చార్జీ అని ఉంచాల్నా, రుసుము అనాల్నా, అభియోగం అనాల్నా, బాధ్యత అనాల్నా? డిక్షనరీ తీస్తే అర్థాలు బారుగ ఇస్తది గాని మీ వాక్యానికి ఏది కావాల్నో చెప్పది.

ఆ అర్థాలన్నీ బట్టీ పట్టే బదులు ఈ మాట లాటిన్ల ఏ పని నుంచి పుట్టిందో ఒక్కసారి పట్టుకుంటే ఎంచుకునుడు చాన సులువైతదని నా నమ్మకం. అన్ని అర్థాల అడుగున ఉన్నది ఒక్కటే పని, బండికి బరువు ఎత్తుడు.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది, బరువు ఏంది, అది ఎవరి మీద పడ్డది. దీనికి కొంచెం వెనక్కి పోవాలె. ఇప్పటి ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ దిక్కు ఆ కాలంల గాల్ జాతులు ఉండేటివి. వాళ్ల సామాను బండికి వాళ్ల భాషల ఉన్న పేరునే రోమన్లు లాటిన్లకు తీసుకున్నరు, అదే కార్రుస్. క్రీస్తుపూర్వం 58ల హెల్వెషియన్లు అనే జాతి ఉన్న ఊర్లు ఇడిచిపెట్టి వలస బయలెల్లింది, దానికోసమని ముందే దొరికినన్ని బండ్లు కొనిపెట్టుకున్నరని సీజర్ రాసిండు, ఆ బండ్లే ఈ కార్రుస్‌లు. తర్వాతి కాలం లాటిన్ల దీని నుంచి కార్రికారే అని క్రియ పుట్టింది, బండికి సామాను ఎత్తుడు అని అర్థం. అది పాత ఫ్రెంచిల చార్జియేర్ అయ్యింది. 1066ల నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచినంక ఫ్రెంచి మాటలు కుప్పలకు కుప్పలు ఇంగ్లిష్‌లకు వచ్చినయ్ గదా, ఆ వరుసల 13వ శతాబ్దానికల్లా చార్జ్ కూడ వచ్చి చేరింది, అప్పట్ల దాని అర్థం బరువు ఎత్తుడు, బరువు మోయించుడు, అంతే. ఫ్రెంచోళ్లు ఇయ్యాల దాన్ని షార్జే అని పలుకుతరు, ఇంగ్లిష్‌ల మాత్రం ఆ పాత చ అట్లనే నిలబడ్డది.

దీని అన్నదమ్ములు మన నోట్ల రోజూ ఉన్నయ్. కారు అదే కార్రుస్. మోసుకపోవుడు అనే అర్థంల వాడే క్యారీ కూడ అదే ఇంటిది. స్పానిష్ దారిల పోయిన కొమ్మ కార్గో అయ్యింది, అందుకే ఆర్టీసీ బస్సుల మనం సీట్ల కూసుంటే కట్టేది చార్జీ, డిక్కీల పార్సెల్ పోతే కార్గో, రెండూ ఒక్క లాటిన్ మాటే రెండు దార్ల తిరిగి మన బస్టాండ్ల కలుసుకున్నయ్. ఇటాలియన్ దారిల పోయింది కారికేచర్, అంటే ముఖం మీద ఉన్నదానికన్న ఎక్కువ బరువు ఎత్తి గీసిన బొమ్మ. బండ్లు పోయే బాట నుంచి కెరీర్ వచ్చింది.

ఇగ మన దిక్కు చూస్తే, కార్రికారేకు అచ్చంగ సరిపోయే తెలుగు మాట మనకున్నది, మోపు. గడ్డిమోపు, కట్టెల మోపు అంటం. నేరం మోపిండ్రు, నింద మోపిండ్రు, పన్ను మోపిండ్రు అని కూడ అంటం. ఎత్తిన మోపును మళ్ల దించుతం, ఆ దించుడే ఇంగ్లిష్‌ల డిశ్చార్జ్. కాబట్టి ఇంగ్లిష్ వాక్యంల చార్జ్ కనిపించంగనే మనసుల మూడు అడగాలె: ఏం మోపిండ్రు, ఎవరి మీద మోపిండ్రు, దాన్ని దించే అధికారం ఎవరికున్నది. పైసలు మోపితే ఒక మాట, నేరం మోపితే ఒక మాట, పని మోపితే ఇంకో మాట. తొంభై పాళ్లు ఈ అడుగుడుతోనే తేలిపోతది.

రెండోది, చదివేది ఎవరు. ఊర్ల పెద్దమనిషి చదివే కాయితంల ‘విద్యుదావేశం’ అని రాస్తే ఆయనకు ఎక్కది. ఫిజిక్స్ పరీక్షల ‘చార్జింగ్’ అని రాస్తే మార్కులు పడవు. మాట మంచిదా చెడ్డదా అని కాదు, అది ఎవరి చేతికి పోతుందో చూడాలె.

మూడోది, మాట తప్పైతే నష్టం ఎంత. బస్ చార్జీ బదులు బస్ కిరాయి అని రాస్తే ఎవరికీ నష్టం లేదు. ఎఫ్ఐఆర్ మాత్రమే అయిన మనిషి గురించి ‘అభియోగాలు నమోదైనయ్’ అని రాస్తే మాత్రం ఆయన పరువు మీద పడతది. నష్టం ఎక్కువ ఉన్న కాడ అందమైన మాట కన్న కరెక్ట్ మాట చూసుకోవాలె, అవసరమైతే ఇంగ్లిష్ మాటనే ఉంచాలె.

## పైసల కాడ: చార్జీ, కిరాయి, రుసుము, ఫీజు

ఇక్కడ మోపింది పైసల బరువు. నాలుగు మాటలున్నయ్, నాలుగింటికీ నాలుగు తావులు.

చార్జీ అన్నది పూర్తిగ తెలుగైపోయిన మాట, బహువచనం కూడ చార్జీలు అని మనమే చేసుకున్నం. ఇంగ్లిష్ వాళ్లు బస్సు పైసలను ఫేర్ అంటరు, మనం చార్జీ అంటం, అంటే ఈ మాటకు మనం వాళ్లకు లేని ఒక వాడుక కూడ ఇచ్చినం. అందుకే తెలుగు నుంచి ఇంగ్లిష్ చేసేటప్పుడు బస్ చార్జీని మళ్ల చార్జ్ అని రాయొద్దు, అది పిల్లలకు గట్టిగ చెప్పాలె. తెలంగాణల 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సులల్ల ఆడోళ్లకు జీరో టికెట్ వచ్చింది గదా, దాన్ని ‘చార్జీ లేకుండ’ అన్నా ‘ఉచితంగ’ అన్నా సరే, మాట్లాడేటప్పుడు ‘ఉత్తగ’ అన్నా తప్పు లేదు.

కిరాయి అరబ్బీల పుట్టి ఉర్దూ మీద నుంచి మనకొచ్చింది. ఒక వస్తువునో మనిషినో కొంతసేపు వాడుకున్నందుకు ఇచ్చేది కిరాయి: ఇల్లు, ఆటో, ట్రాక్టర్, టెంట్ సామాను. దేవరకొండ నుంచి హైదరాబాద్‌కు బస్సుల పోతే చార్జీ అనొచ్చు, కిరాయి అన్నా ఎవరూ అడ్డం చెప్పరు, ఆటో మాట్లాడుకుంటే మాత్రం కిరాయే. ఇంటి అద్దెను చార్జీ అని మాత్రం అనలేం.

రుసుము కూడ అరబ్బీదే, ఉర్దూ కచేరీ భాషల నుంచి వచ్చింది, ఇప్పటికీ అక్కడనే ఉన్నది. రిజిస్ట్రేషన్ రుసుము, దరఖాస్తు రుసుము, ఆలస్య రుసుము. సర్కారు ఒక పని చేసి దానికి తీసుకునే పైసలు ఇవి. ఆర్డర్లల్ల, నోటిఫికేషన్లల్ల రుసుము బాగుంటది, మామూలు జనానికి రాసేదాంట్ల ఫీజు అంటే చాలు. బడి, కాలేజి, డాక్టర్, వకీలు, అన్నిటికీ ఫీజే.

కరెంట్ బిల్లు కాడ కొంచెం జాగ్రత్త పడాలె. మన దక్షిణ డిస్కం (కరెంట్ పంచే సంస్థ) బిల్లుల ఎనర్జీ చార్జీ, కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ అని వేర్వేరు లైన్లు ఉంటయ్, పక్కనే ఎలక్ట్రిసిటీ డ్యూటీ అని ఇంకోటి ఉంటది. చార్జీ అంటే కరెంట్ ఇచ్చినందుకు సంస్థ తీసుకునేది, డ్యూటీ అంటే సర్కారుకు పోయే పన్ను. రెండింటినీ కలిపి చార్జీలు అని రాసేస్తే చదివేటోళ్లకు ఎవరు ఎంత తీసుకుంటున్నరో తెల్వది. చార్జీల మీద మళ్ల చార్జీ పడితే సర్‌చార్జ్, ఫ్రెంచిల దాని అర్థం బరువు మీద బరువు. తెలుగుల ‘అదనపు చార్జీ’ అంటే సరిపోతది, ‘అధిభారం’ అని కొందరు రాస్తరు, అది తప్పు కాదు గాని ఎవరి నోట్లా లేదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండ పోలేను. మిర్యాలగూడ మిల్లుల కాడ గానీ, వడ్ల కొనుగోలు సెంటర్ల కాడ గానీ రైతుకు పడే ఖర్చుల హమాలీ చార్జీలు ఒకటి. హమాలీ అన్నది బరువు మోసుడు అనే అరబ్బీ మాట నుంచి వచ్చింది, చార్జీ ఏమో బండికి బరువెత్తుడు అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. రెండు వేర్వేరు దేశాల బరువులు వచ్చి వడ్ల బస్తా కాడ కలిసినయ్. దీనికి ‘కార్మిక రుసుము’ అని కొత్త మాట పెట్టాల్సిన అక్కర అసలే లేదు.

## పోలీసు, కోర్టు కాడ: ఆరోపణ, అభియోగం, చార్జ్‌షీట్

తప్పు మాటకు నష్టం అన్నిటికన్న ఎక్కువ ఇక్కడనే, అందుకని కొంచెం నిదానంగ చూద్దాం. ఇక్కడ మోపింది నేరం. గాని ఆ మోపు ఒక్కసారి పడది, మెట్లు మెట్లుగ పడతది, ఏ మెట్టు మీద ఉన్నమో దాన్ని బట్టే మాట.

మొదటి మెట్టు ఆరోపణ. ఎవరైనా ఎవరి మీదనైనా చేయొచ్చు, ప్రెస్‌మీట్ల చేయొచ్చు, చౌరస్తల చేయొచ్చు. ఇంగ్లిష్ పేపర్లల్ల దీన్ని కూడ చార్జ్ అనే రాస్తుంటరు, నాయకుడు నాయకుని మీద చార్జ్ చేసిండు అని. అది ఆరోపణే, దాన్ని అభియోగం అని తెలుగు చేయొద్దు.

రెండో మెట్టు ఎఫ్ఐఆర్, అంటే కేసు నమోదైంది అంతే. మూడో మెట్టు చార్జ్‌షీట్, దర్యాప్తు అయినంక పోలీసులు కోర్టుల వేసే రిపోర్ట్. చట్టంల దాని పేరు పోలీసు రిపోర్టే, చార్జ్‌షీట్ అన్నది వాడుక పేరు. తెలుగు పేపర్లల్ల అభియోగపత్రం అంటరు, మంచి మాట, ఉంచుకోవచ్చు. పరీక్షకు చదివేటోళ్లు ఒకటి పట్టుకోవాలె: క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్పీసీల 173వ సెక్షన్ చార్జ్‌షీట్‌ది, దాని జాగల 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితల 173 అంటే ఎఫ్ఐఆర్, చార్జ్‌షీట్ 193కు పోయింది. నంబర్ ఒక్కటే, మెట్టు వేరు, పాత నోట్స్ చదివితే గడబిడ అయితరు.

నాలుగో మెట్టు కోర్టు చార్జ్‌లు ఫ్రేమ్ చేసుడు. జడ్జి చార్జ్‌షీట్ చూసి, ఈ నేరం మీద విచారణ నడిపే ఆధారం ఉన్నదని తేల్చి, ‘నీ మీద ఫలానా నేరం ఉన్నది, ఒప్పుకుంటవా’ అని నిందితుణ్ని అడిగే మెట్టు అది. అభియోగాలు నమోదైనయ్, అభియోగాలు ఖరారైనయ్ అన్న మాటలు ఈ మెట్టుకే ఉంచాలె. ఎఫ్ఐఆర్ కాడనే అభియోగాలు నమోదు అని రాస్తే చదివేటోళ్లు విచారణ దాకా పోయిందనుకుంటరు. నేనైతే విలేకరులకు చెప్పేది ఇదే: ఎఫ్ఐఆర్‌కు ‘కేసు నమోదు’, పోలీసు రిపోర్ట్‌కు ‘చార్జ్‌షీట్ దాఖలు’, కోర్టు చేస్తే ‘అభియోగాలు ఖరారు’. ఈ మూడూ కలపకుంటే చాలు.

అభియోగం అన్న మాట మీద నాకు మస్తు ఇష్టం ఉన్నది, దాని కారణం కూడ బండే. సంస్కృతంల యుజ్ అంటే జోడించుడు, రథానికి గుర్రాలను కట్టుడు, ఇంగ్లిష్‌ల కాడిని యోక్ అనేది కూడ ఆ మూలం నుంచి వచ్చిందే. అంటే ఇంగ్లిష్ దిక్కు నేరాన్ని బండికెత్తిన బరువుగ చూసిండ్రు, మన దిక్కు మనిషి మెడ మీద కట్టిన కాడిగ చూసిండ్రు. అందుకని ఈ తావుల అభియోగం కన్న బాగ కుదిరే మాట ఇంకోటి నాకైతే కనిపించలేదు.

ఆఫీసుల ఉద్యోగుల మీద వచ్చే చార్జ్ మెమో కూడ ఈ కొమ్మదే. సర్కారు ఉద్యోగుల క్రమశిక్షణకు ఉన్న 1991 సీసీఏ రూల్స్ల 20వ రూల్ కింద పెద్ద శిక్ష ఇయ్యాలంటే ముందల అభియోగాలు రాతల ఇయ్యాలె. దీన్ని సంజాయిషీ నోటీసుతోని కలపొద్దు. సంజాయిషీ అంటే ‘ఎందుకిట్ల చేసినవు, చెప్పు’ అని అడుగుడు, అభియోగం అంటే ‘నువ్వు ఇట్ల చేసినవు’ అని మోపుడు.

దించుడు సంగతి కూడ ఇక్కడనే చెప్పుకోవాలె. డిశ్చార్జ్ పిటిషన్ అంటే విచారణ మొదలు కాకముందే, నా మీద ఈ మోపుకు ఆధారమే లేదు, దించుండ్రి అని కోర్టును అడుగుడు. విచారణ అంతా నడిచి నేరం రుజువు కాలేదని తేలితే అది నిర్దోషిగ విడుదల. రెండూ ఒక్కటి కాదు. డిశ్చార్జ్ అయిన మనిషి మీద కొత్త ఆధారాలు దొరికితే మళ్ల కేసు నడిచే దారి ఉంటది. కాబట్టి డిశ్చార్జ్‌ను ‘నిర్దోషి అని తేల్చింది’ అని తెలుగు చేసుడు తప్పు, ‘కేసు నుంచి తప్పించింది’ అనండ్రి, లేకుంటే డిశ్చార్జ్ అనే ఉంచుండ్రి.

## కుర్చీ కాడ: చార్జ్, ఇన్‌చార్జి, అదనపు బాధ్యత

ఇక్కడ మోపింది పని. తహసీల్దార్ చార్జ్ తీసుకున్నడు అంటే ఆ కుర్చీ బరువు ఇప్పటిసంది ఆయనది. తెలుగుల ‘బాధ్యతలు స్వీకరించిండు’ అన్నది బాగ అలవాటైన మాట, అదే వాడుండ్రి.

స్పెల్లింగ్ సంగతి కూడ ఇక్కడ పనికొస్తది. పైసలైతే చివర దీర్ఘం పెట్టి చార్జీ, మిగిలిన కాడ చార్జ్. ‘ఆఫీసర్ చార్జ్ తీసుకున్నడు’, ‘ఆఫీసర్ చార్జీ తీసుకున్నడు’, రెండింటికీ దీర్ఘం ఒక్కటే తేడా, అర్థం మాత్రం ఒకటి ఉద్యోగం, ఇంకోటి పైసలు. కొందరు ఛ అని వత్తు పెట్టి రాస్తరు, పేపర్లల్ల కూడ చాన ఉన్నది. పలికేది చ కాబట్టి నేను వత్తు లేకుండనే రాస్త. ఏది రాసినా ఒక్కటే పట్టుకొని మొత్తం అట్లనే రాయాలె, అది ముఖ్యం.

ఇన్‌చార్జి అన్నదాన్ని మార్చొద్దు, అందరికీ తెలుసు. ఎఫ్ఏసీ (ఫుల్ అడిషనల్ చార్జ్) అని ఆర్డర్లల్ల వచ్చేదానికి ‘పూర్తి అదనపు బాధ్యతలు’ అని పూర్తిగ రాయాలె, ఎందుకంటే పక్క మండలం ఎంఈఓకు (మండల విద్యాధికారికి) ఈ మండలం పని కూడ అప్పజెప్పిండ్రని దాని అర్థం, ఆయన సొంత కుర్చీ ఆయనకు ఉన్నది. ‘బదిలీ’ అని రాస్తే మొత్తం మారిపోతది.

## భూమి కాడ: చార్జ్, తనఖా, కుదువ

రైతులకు ఇది చాన పనికొచ్చేది. బ్యాంకు కాయితాలల్ల భూమి మీద చార్జ్ అని ఉంటే, దాన్ని చార్జీ అనుకొని ‘ఎంత కట్టాలె సార్’ అని అడిగేటోళ్లు ఉంటరు. ఇక్కడ పైసలు అడుగుత లేరు, అప్పు బరువును భూమి మీద మోపిండ్రు, ఈ భూమి మీద ఒక బాకీ ఉన్నదని రికార్డుల ఎక్కించిండ్రు.

మరి తనఖా అనొచ్చా? ఊర్ల మాట్లాడేటప్పుడు కుదువ, తాకట్టు అంటే సమజైతది, ఏం నష్టం లేదు. కాయితం రాసేటప్పుడు మాత్రం అనొద్దు. 1882 ఆస్తి బదిలీ చట్టంల తనఖా 58వ సెక్షన్, చార్జ్ 100వ సెక్షన్, రెండూ వేరు. తనఖాల ఆ భూమి మీద ఉన్న హక్కుల కొంత భాగం అప్పిచ్చినోళ్లకు బదిలీ అయితది. చార్జ్‌ల అట్ల హక్కు బదిలీ కాదు, భూమి ఆ బాకీకి పూచీగ ఉంటది, అంతే. ఈ తేడా వల్ల కొనేటోళ్ల హక్కులు కూడ మారుతయ్. అందుకని దరఖాస్తుల ‘భూమిపై ఉన్న చార్జ్, అనగా రుణభారం’ అని ఒక్కసారి రాసి, తర్వాత చార్జ్ అనే నడిపించుండ్రి. రుణభారం అన్న మాట లాటిన్ బరువును కూడ అట్లనే పట్టుకుంటది.

## ఖజానా కాడ, గ్రూప్స్ రాసేటోళ్ల కోసం

రాష్ట్ర బడ్జెట్ల ఓటెడ్, చార్జ్డ్ అని రెండు తీర్ల ఖర్చు ఉంటది. చార్జ్డ్ అంటే సంఘటిత నిధి (సర్కారు ఆదాయం చేరే ప్రధాన ఖజానా) మీద రాజ్యాంగమే మోపిన బరువు, దాని మీద అసెంబ్లీల చర్చ జరగొచ్చు గాని ఓటింగ్ ఉండది. 202వ అధికరణల జాబితా ఉన్నది: గవర్నర్ వేతనం, భత్యాలు, స్పీకర్, డిప్యూటీ స్పీకర్ వేతనాలు, హైకోర్టు జడ్జిల వేతనాలు, రాష్ట్రం అప్పుల మీద వడ్డీలు, కోర్టు తీర్పు ప్రకారం కట్టాల్సిన మొత్తాలు. ఓటు అక్కర్లేదని 203ల ఉన్నది. హిందీల దీన్ని భారిత్ వ్యయ్ అంటరు, బరువు అందుల సూటిగ కనిపిస్తది. తెలుగుల రాసేటప్పుడు ‘సంఘటిత నిధిపై చార్జ్ చేసిన వ్యయం’ అని రాసి, ఓటు ఉండదని ఒక్క ముక్క చేర్చితే దిద్దేటోళ్లకు అనుమానం ఉండది. ‘ఛార్జీల వ్యయం’ అని రాస్తే మాత్రం సబ్జెక్టే తెల్వదనుకుంటరు.

## కరెంటు కాడ: ఆవేశం, చార్జింగ్

తుపాకిల మందు కూరుడును కూడ ఇంగ్లిష్‌ల చార్జ్ అనేటోళ్లు, అదీ బరువెత్తుడే. 1740లల్ల లేడెన్ జార్ అనే సీసాల కరెంటును నింపుడు కనిపెట్టినంక, బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1747 కాలంల రాసిన ఉత్తరాలల్ల ఈ మాటను కరెంటుకు వాడిండు, ప్లస్, మైనస్ అనుడు కూడ ఆయన పెట్టిన పద్ధతే. అట్లాంటి సీసాలు వరుసగ కలిపితే బ్యాటరీ అన్నడు, అది కూడ ఫిరంగుల వరుసకు ఉన్న పేరే. అంటే మన ఫోన్ల బ్యాటరీ, చార్జింగ్ రెండూ లడాయి మైదానం నుంచి వచ్చినయ్.

ఎంపిక ఇక్కడ సులువు. క్లాసుల, పరీక్షల విద్యుదావేశం, ధనావేశం, రుణావేశం. ఇంట్ల, దుకాణంల చార్జింగ్. ఫోన్‌కు ఆవేశం ఎక్కియ్యమని ఎవరూ అనరు గదా. ఇంకొక్కటి, ‘చార్జ్డ్ వాతావరణం’ అని ఇంగ్లిష్ వార్తల వస్తే అది ఉద్రిక్త వాతావరణం.

లాఠీచార్జ్‌కు ఎక్కువ చెప్పేది లేదు. గుర్రాల దండు మీద పడుడును చార్జ్ అంటరు, దాని నుంచి మన దేశంల పుట్టిన జంట మాట ఇది. అట్లనే ఉంచాలె. ‘లాఠీలతో దాడి’ అని రాస్తే అది మీ అభిప్రాయం అయితది, ‘చెదరగొట్టిండ్రు’ అని మాత్రమే రాస్తే దెబ్బలు పడ్డ సంగతి పోతది.

## నీళ్ల కాడ: డిశ్చార్జ్, రీచార్జ్

సాగర్ గేట్లు ఎత్తినప్పుడు ఇంజనీర్ల బులెటిన్ల డిశ్చార్జ్ ఇన్ని క్యూసెక్కులు అని ఉంటది. జలాశయం మోసిన బరువును కిందికి దించుతుందన్నమాట. జనానికి రాసేటప్పుడు ‘దిగువకు వదిలిన నీళ్లు’ అంటే చాలు, పేపర్లు ఔట్‌ఫ్లో అంటయ్, అదీ సరే.

రీచార్జ్ మాత్రం నల్లగొండ, పాలమూరు జిల్లాలకు చాన దగ్గరి మాట. బోర్లు ఎండిపోయే కాడ, ఫ్లోరైడ్ నీళ్ల బాధ పడ్డ కాడ భూగర్భ జలాల రీచార్జ్ అన్నది ఉట్టి సర్కారు మాట కాదు. దానికి ‘పునరావేశం’ అసొంటి మాటలు పెట్టొద్దు. మనకు ఇంకుడు అన్న మాట ఉన్నది, ఇంకుడు గుంత ఉన్నది. ఇంగ్లిష్ రిపోర్టుల రీచార్జ్ పిట్ అని వస్తే ఇంకుడు గుంత, గ్రౌండ్ వాటర్ రీచార్జ్ అని వస్తే ‘భూమిలోకి నీళ్లు ఇంకించుడు’. మొత్తం ఈ లిస్టుల ఇంగ్లిష్ మాటను అన్నిటికన్న సులువుగ పక్కన పెట్టగలిగే తావు ఇదే అనిపిస్తది నాకు.

## ఒక్క చూపుల

| ఎక్కడ | ఏం మోపిండ్రు | ఎవరి మీద | పెట్టాల్సిన మాట | పెట్టొద్దనేది |
|---|---|---|---|---|
| బస్సు, కరెంట్ | పైసలు | వాడుకునేటోళ్ల మీద | చార్జీ | రుసుము |
| ఇల్లు, ఆటో, ట్రాక్టర్ | పైసలు | వాడుకునేటోళ్ల మీద | కిరాయి | చార్జీ |
| సర్కారు సేవ | పైసలు | దరఖాస్తుదారు మీద | రుసుము, ఫీజు | భారం |
| పోలీసు రిపోర్ట్ | నేరం | నిందితుని మీద | చార్జ్‌షీట్, అభియోగపత్రం | ఎఫ్ఐఆర్ |
| కోర్టు | నేరం | నిందితుని మీద | అభియోగాలు ఖరారు | ఆరోపణ |
| ఆఫీసు | పని | ఆఫీసర్ మీద | బాధ్యతలు, ఇన్‌చార్జి | చార్జీ |
| భూమి | బాకీ | భూమి మీద | చార్జ్, రుణభారం | తనఖా |
| బడ్జెట్ | ఖర్చు | సంఘటిత నిధి మీద | చార్జ్ చేసిన వ్యయం | చార్జీలు |
| ఫిజిక్స్ | విద్యుత్తు | వస్తువు మీద | ఆవేశం | చార్జింగ్ |
| బోర్లు, కుంటలు | నీళ్లు | భూమి లోపల | ఇంకించుడు | పునరావేశం |

## ఎవరికి ఏది

గ్రూప్స్, డీఎస్సీ చదివేటోళ్లు మూలం ఒక్కటి నేర్చుకొని, పైన ఉన్న పట్టికల బరువు ఏందో తెలిపే గడిని మాత్రం మనసుల పెట్టుకుంటే చాలు, మిగిలిన గడులు అవే గుర్తొస్తయ్. తెల్వని వాక్యం వచ్చినా మోపు, దించు అని పెట్టి చూస్తే అర్థం దొరుకుతది. గాని మూలం తెలిసింది గదా అని జవాబుల అంతటా ‘భారం’ రాయొద్దు, మూలం అర్థం పట్టుకునేటందుకే, రాసేది వాడుకల ఉన్న మాటే.

విలేకరులకు కోర్టు మెట్లే ప్రాణం. టైమ్ లేనప్పుడు ఇంగ్లిష్ మాటను తెలుగు అక్షరాలల్ల అట్లనే ఉంచుడు తప్పు కాదు, తప్పు మెట్టు రాసుడు కన్న అది నూరు పాళ్లు మేలు.

బడిల చెప్పేటోళ్లు పిల్లలను వాళ్ల ఇంటి కరెంట్ బిల్లు, బస్ టికెట్, దవాఖాన డిశ్చార్జ్ కాయితం తెమ్మని చెప్పి, మూడిట్ల ఎక్కడెక్కడ ఈ మాట ఉన్నదో గీత గీయమనండ్రి. దవాఖాన కాయితంల ఎవరి మీది బరువు ఎవరు దించిండ్రని అడిగితే పిల్లలు తలా ఓ జవాబు చెప్తరు, రోగి దిగిండని ఒకరు, డాక్టర్ బాధ్యత దిగిందని ఒకరు. రెండోది మూలానికి ఎక్కువ దగ్గర.

దరఖాస్తులు రాసిచ్చేటోళ్లు, రైతులు భూమి కాడ చెప్పింది పట్టుకోండ్రి. అప్పు మొత్తం కట్టినంక బ్యాంకుల నో డ్యూ సర్టిఫికెట్ తీసుకునుడుతోనే ఊకోవద్దు, ‘నా సర్వే నంబర్ మీద ఉన్న చార్జ్ తొలగించగలరు’ అని వేరే దరఖాస్తు ఇయ్యాలె, దాంట్ల పాస్‌బుక్ నంబర్, లోన్ ఖాతా నంబర్ రెండూ రాయాలె, రికార్డుల నుంచి అది పోయిందో లేదో మళ్ల ఒకసారి తీసి చూసుకోవాలె.